పాడె మీద పుస్తకం

ఒకప్పటి సాగరగిరి రాజ్యంలో, ప్లవనామ సంవత్సరం మాఘమాసంలో, యూదుల వీధి సిప్పోరమ్మకి అన్యాయం జరిగింది. చేసినవాడు ఆస్థాన పండితుడు కేదారభట్టు. తర్వాత ఎవరూ తారుమారు చేయకుండా ముందే చెప్పేస్తున్నాను.

సిప్పోరమ్మ రేవు పక్కన మిరియాలు అమ్మేది. శుక్రవారం పొద్దుగూకితే వాళ్ల వీధికి విశ్రాంతి దినం మొదలు. ఇక బేరం లేదు, పొయ్యి వెలిగించేది లేదు. వీధి పిల్లలంతా దీపం ముందు చేరితే ఆమె పాతకథలు చెప్పేది. "ఇది మా మేనత్త లేయా చెప్పిన కథ" అంటూ, ఎవరి దగ్గర విన్నదో వాళ్ల పేరు తలుచుకున్నాకే మొదలుపెట్టేది. అది వాళ్ల ఆచారం.

రాజు ప్రతాపశేఖరుడి చెవిన ఆ సంగతి పడింది. "ఆ కథలు భద్రపరచండి. మామూలు జనం చదువుకోవాలి" అన్నాడు.

భట్టు ఆమె ఇంటికెళ్లాడు. ఆమె పెట్టిన చేపలపులుసు తిన్నాడని కొందరంటారు, వాసన మాత్రమే చూశానని ఆయనంటాడు. కథలన్నీ చెప్పించుకుని గ్రంథం రాశాడు. అందులో లేయా పేరు లేదు, సిప్పోరమ్మ పేరు అసలే లేదు. మొదటి పుట నిండా భట్టుగారి బిరుదులే.

రాజు దాన్ని విప్పి చూడకుండానే మెచ్చుకుని, చాటింపు వేయించాడు. ఇకమీదట ఆ కథల్ని గ్రంథంలో ఉన్నట్టే చెప్పాలి, మరోలా చెబితే చెరసాల.

ఆ శుక్రవారం పిల్లలు దీపం ముందు కూర్చున్నారు. సిప్పోరమ్మ నోరు మెదపలేదు. చూసి చూసి పిల్లలు లేచి వెళ్లిపోయారు.

ఆదివారం ఆమె సభకొచ్చింది. వెనక నలుగురు మనుషులు, వాళ్ల భుజాల మీద ఖాళీ పాడె.

రాజు ఉలిక్కిపడ్డాడు. "ఎవరు పోయారమ్మా?"

"మీ గ్రంథం, మహాప్రభూ. తీసుకుపోదామని వచ్చాం. దేవుడి పేరున్న పుస్తకాన్ని మేం పారేయం, కాల్చం. ఎవరూ చదవలేని స్థితికొస్తే, మనిషిని పూడ్చినట్టే మర్యాదగా పూడుస్తాం."

భట్టు మండిపడ్డాడు. "ఓసి మిరియాలదానా, సిరా ఆరని గ్రంథమే అది."

"పసిప్రాణమే పాపం. పురిట్లోనే పోయింది" అంది సిప్పోరమ్మ. "కాదంటే మీరే చదవండి స్వామీ. అందులోని పిసినారి కథ నవ్వుల కథే కదా. సభలో ఒక్కరు నవ్వినా పాడె వెనక్కి తీసుకుపోతాం."

భట్టు గొంతు సవరించుకున్నాడు. "అంత నా లుబ్ధాగ్రేసరుండు, అతిథిసత్కార పరాఙ్ముఖచిత్తుండై, నిమీలితలోచనుండై..."

మంత్రి పైకప్పు దూలాలు చూశాడు. సేనాపతి ఆవులించాడు. కథలో అతిథి ఇంకా నోరు విప్పకముందే రాజుగారు గురక పెట్టారు.

సిప్పోరమ్మ పాడెని నేల మీద ఠక్కుమని దింపించింది. రాజు కళ్లు తెరిచాడు. "ఆఁ, బాగుంది. ఏమైంది?"

"నాడి ఆగిపోయింది, ప్రభూ."

"అయితే నువ్వు చెప్పు చూద్దాం."

"చెబితే చెరసాల కదా."

"నా ఎదుట కాదులే. చెప్పు."

"ఇది మా మేనత్త లేయా చెప్పిన కథ. ఒక పిసినారి ఉన్నాడు. విశ్రాంతి దినాన అతిథిని పిలవకపోతే వీధిలో పరువు పోతుందని ఒకణ్ణి పిలిచాడు. విసిగి వాడే పోతాడని కళ్లు మూసుకుని ప్రార్థన సాగదీశాడు. తీరా కళ్లు తెరిచేసరికి పళ్లెంలో చేప లేదు, ముల్లే ఉంది. 'నా చేప ఏదిరా?' అన్నాడు. 'అయ్యా, దేవుడితో ఇంతసేపు మాట్లాడుతున్నారు, భోజనం కూడా అక్కడే కానిస్తారనుకున్నా' అన్నాడు అతిథి."

సేనాపతి పొట్ట పట్టుకున్నాడు. రాజు నవ్వి నవ్వి కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "చదవకుండా మెచ్చుకున్న నేనూ ఆ పిసినారిలాగే కళ్లు మూసుకున్నట్టున్నానమ్మా."

"నేననలేదు ప్రభూ" అంది సిప్పోరమ్మ. కాదని కూడా అనలేదు.

రాజు చాటింపు రద్దు చేశాడు. తన మెడలోని ముత్యాలహారం ఆమెకిచ్చాడు. ఆమె ఎలా చెబితే అలా, చెప్పినవాళ్ల పేర్లతో సహా, కొత్త పుస్తకం రాయమని ఆజ్ఞాపించాడు. రాసేది భట్టే.

పాత గ్రంథాన్ని యూదుల శ్మశానంలో మర్యాదగానే పూడ్చారు. పైన రాయి నిలిపి తేదీ చెక్కించారు: ప్లవనామ సంవత్సరం, ఫాల్గుణ శుద్ధ పంచమి, ఆదివారం.