విమానం కడుపులో మేకు

ఎవరేం అడిగినా కనకాచారి వెంటనే జవాబివ్వడు. అడిగినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఏదో ఒకటి జరిగేదాకా తన పని తాను చేసుకుంటాడు. బొల్లారంలో ఆయన కార్ఖానా ఉంది. అందులో తొలినాటి యుద్ధ విమానాలకు చెక్క నమూనాలు చేస్తారు.

ఆ రోజు శిష్యుడు సోమలింగం ఒళ్ళు మండి అడిగాడు.

"తప్పేందో చెప్పలేనోళ్ళ కోపానికి నేనెందుకు తల వంచాలె, ఉస్తాద్?"

ఆ మంటంతా మాణిక్యాంబ మీద. ఆవిడ భర్త వాంపైర్ అనే జెట్టు విమానం నడిపేవాడు. ఒకనాడు పైకి వెళ్ళినవాడు మళ్ళీ దిగలేదు. దహనం చేయడానికి శరీరం కూడా దొరకలేదు. ఇన్నేళ్ళకు ఆవిడ ఆ విమానాన్ని టేకుతో చేసిమ్మంది. సోమలింగం ఫోటోలు ముందు పెట్టుకుని, తిండి మరిచి చేశాడు. రెక్కలు, జంట తోకలు, పైలట్ కూర్చునే అద్దాల గది, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. ఆవిడ చూసి "ఇది కాదు" అంది. ఏది కాదో చెప్పదు. మళ్ళీ కొత్తగా చేస్తే మళ్ళీ అదే మాట, ఈసారి గొంతు పెంచి. ఎవరికి మాత్రం కడుపు మండదు?

అంతలో ఆవిడే వచ్చింది. సోమలింగం నమూనాను బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"ఫోటో పక్కన పెట్టి చూస్కోండ్రి. తప్పుంటే పొయ్యిల పెడ్త."

"పెట్టెయ్యి," అంది మాణిక్యాంబ.

కనకాచారి లేచాడు. "అమ్మా, మీరు దాన్ని యాడికెల్లి చూసేటోళ్ళు?"

"క్వార్టర్స్ డాబా మీంచి. నేను వడియాలు పెట్టుకుంటుంటే నెత్తిమీదుగా వెళ్ళేవారు. దగ్గరికి మమ్మల్నెవరు రానిచ్చారు?"

కనకాచారి నమూనాను దాని కింది పీటతో సహా ఎత్తి, ఆవిడ తలపైన పట్టుకున్నాడు. సోమలింగం కూడా తలెత్తి చూశాడు. షోకేసులో పెట్టే విమానాలకు పైభాగమే అద్దంలా మెరిపిస్తారు. అడుగున గరుకు కాగితం కూడా సరిగా ఆడించరు. కడుపులో రంధ్రం తొలిచి, పొడుగాటి ఇత్తడి మేకుతో పీటకు బిగిస్తారు. అందరూ చేసే పనే, అతనూ చేశాడు.

"ఆయన్ని చివరిదాకా నేను చూసింది ఈ వైపే," అంది మాణిక్యాంబ. "సరిగ్గా అక్కడే మేకు దించావు."

సోమలింగానికి కోపం పోలేదు. ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు. పట్టకారు తీసుకుని మేకు పెరికాడు, పీటను మూలకు విసిరాడు, రంధ్రంలో టేకు ముక్క దిగగొట్టి చదును చేశాడు. అడుగుభాగాన్ని చేతులు నొప్పెట్టేదాకా రుద్దాడు. తర్వాత గురువు మీదికే తిరిగాడు.

"మేకు తీసేస్తి. ఇగ ఇది బల్ల మీద ఎట్ల నిలవడ్తది?"

కనకాచారి తల ఎత్తకుండానే అన్నాడు:

"నిలవెట్టమని ఆమె అడిగిందా?"