కొంగబండికి ఎదురెళ్ళిన నూకాలు

అనగనగా చుక్కలకి అవతల ఒక ఊళ్ళో, నేలంతా బురదే అమ్మీ. మద్దెమద్దెన రాళ్ళు. అడుగు రాయి మీద పడితే బతుకు, బురదలో పడితే అంతే సంగతి.

ఆ ఊళ్ళో ఒక కొంగబండి ఉండీది. తాటిచెట్టంత రెండు ఇనప కాళ్ళు, పొడుగాటి మెడ, మెడకి కొక్కెం. ఎంత బరువైనా ఎత్తుకుని నడిచెల్లిపోయీది. తోలీవోడు అసిరయ్య. ఆడు పైన కొంగ తలకాయలో కూకుంటాడు, ఆడికి దాని కాళ్ళు కనపడవు. అందుకని కింద ఒక మనిషి ఎదురుగా నిలబడి చెయ్యి చూపించాలి. చెయ్యెత్తితే కాలెత్తాలి. అరచెయ్యి దించితే కాలు దించాలి. పిడికిలి పడితే ఆగిపోవాలి.

ముప్పై ఏళ్ళు ఆ చెయ్యి దాలయ్యది. బురద కింద ఏ రాయి ఎక్కడుందో దాలయ్యకే ఎరిక. మద్దేనం పెళ్ళాం నూకాలు కేరేజీ అట్టుకెల్లీది. తింటా తింటా ఒక్కో రాయీ చూపించి చెప్పీవోడు. ఈవిడ వినీది.

ఆ తర్వాత దాలయ్య పోయాడు. జొరం, మూడ్రోజులే. చుట్టాలు వొచ్చారు, ఎల్లిపోయారు. మద్దేనం అయ్యీసరికి నూకాలు కాళ్ళు అటే పోయీవి. చేతిలో కేరేజీ లేదు, ఊరికే. కాళ్ళకి ఎవరు చెప్తారు తల్లీ.

అప్పుడు ఒకనాడు ఆకాశంలోంచి ఓడొకటి జారి బురదలో పడింది. లోపల ఇరవై మంది. తలుపు దాకా దిగిపోయింది, ఇంకా దిగిపోతంది. కొంగబండి మూడడుగులేసి కొక్కెం తగిలిస్తే చాలు. ఆ మూడు రాళ్ళూ చూపించీవోడేడీ?

నూకాలు ఎల్లి బండికి ఎదురుగా నిలబడింది.

అసిరయ్య అప్పుడే కొంగ కాళ్ళ కింద నిమ్మకాయలెట్టి పైకెక్కాడు. ఈవిడ్ని చూసి మైకులో అన్నాడు, "పిన్నీ, తప్పుకో. బాబాయి పోయి నెల తిరగలేదు. బయల్దేరీటప్పుడు నువ్వు ఎదురొస్తే ఎలగ?"

"ఎదురు రాకుండా ఈపు చూపించి చెయ్యూపమంటావేట్రా?"

"అది కాదు పిన్నీ. లోపల ఇరవై పేనాలు."

"అందుకే వొచ్చాను. ముప్పై ఏళ్ళు నీకెదురొచ్చిన మనిషి నాకన్నీ చెప్పీసే పోయాడు. నిమ్మకాయని నమ్మావు, నన్ను నమ్మలేవేటి? ఎత్తరా కాలు."

ఓడ ఇంకో మూరెడు దిగింది. నూకాలు చెయ్యెత్తింది. అసిరయ్య కాలెత్తాడు.

మొదటి అడుగు రాయి మీద పడింది. రెండోది కూడా పడింది. మూడోదానికి నూకాలు పిడికిలి పట్టీసింది. ఎదురుగా నేల గట్టిగానే కనపడతంది. ఓడ అందీటంత దగ్గర. ఒంటికాలి మీద బండి ఊగిపోతంది. అయినా అసిరయ్య ఆగాడు. నూకాలు ఒక రాయి తీసి ఆ నేల మీదికి ఇసిరింది. గుబుక్కున మింగీసింది బురద.

ఆ తర్వాత చెయ్యి ఎడం పక్కకి చాపి, మెల్లిగా దించింది. ఇనప కాలు రాయి మీద టంగుమంది.

కొక్కెం తగిలింది. ఓడ లేచింది. గట్టి బండ మీద దిగింది, తలుపు తెరుచుకుంది. నూకాలు నెత్తి మీద చీర చెంగేసుకుని పక్కకి జరగబోయింది. కొత్తగా వొచ్చినోళ్ళు ముందుగా తన మొకం చూడకూడదని.

"ఎక్కడికి పిన్నీ?" అన్నాడు పైనించి అసిరయ్య. "ఆళ్ళకి మాత్రం రాళ్ళు తెలుసా? ఎదురుగా నిలబడు."

నిలబడింది. చెయ్యెత్తింది. ఆ చేతినే చూసుకుంటా, ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి, ఒక్కొక్కరే ఆవిడ దగ్గరికి వొచ్చీసారు. ఇరవై మందీ.

కథేమో కంచి దారి పట్టింది,
కొంగేమో కాలు ముడిచి పెట్టింది,
నా తల్లి తలగడ మీద తలెట్టింది.