వెండి తోమిన దోబ్ర అవ్వ

ఇది నిన్న మొన్నటి మాట కాదు. మన ముత్తవ్వల ముత్తవ్వలు పుట్టకముందు మాట. వరి పండని దేశంలో, ఏటికి ఆరు నెలలు మంచు కురిసే దేశంలో, స్లావు జనం ఉండే ఒక ఊళ్లో దోబ్ర అని ఒక ముసలామె ఉండేది. ఊరంతా ఆమెను అవ్వా అనే పిలిచేది. పిలవడానికి అవ్వే గానీ, గుమ్మం దాటి లోపలికి రమ్మన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఎందుకంటారా? ఆ దేశపు ఆడవాళ్లకు వెండే ప్రాణం. కణతల పక్కన వెండి రింగులు, రొమ్ము మీద వెండి గజ్జెలు, మెడలో వెండి నెలవంక. ఒంట్లో రోగముంటే వెండి దాన్ని పీల్చుకుని నల్లబడుతుందని వాళ్ల నమ్మకం. ఆ నలుపును పొద్దు గూకేలోగా ముందూ వెనకా తోమెయ్యాలి. రవ్వంత మిగిలినా రోగం తిరిగి మనిషిలోకి వస్తుందట. మరి తోమినవాళ్ల చేతులకు ఆ పీడ అంటుకోదూ? అందుకే ఎవరూ తోమరు. నా అన్నవాళ్లు లేని దోబ్ర అవ్వే తోమాలి.

బూడిద, పులిసిన బార్లీ గంజి, ఉన్నిగుడ్డ. నలభై ఏళ్లు ఆమె బతుకంతా ఆ మూడే. నెలవంకకు ముందువైపు ఆవగింజలంత వెండి పూసలుంటాయి. ఒక్కో పూస సందులోకీ గుడ్డ దూర్చాలి. అది అయ్యేసరికి వేళ్లు కొంకర్లు పోయేవి. అప్పుడు తిప్పి వెనకవైపు మొదలుపెట్టాలి. రొమ్ముకు ఆనుకుని ఉండే వెనకవైపును ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. అయినా రోగం నక్కేది అక్కడేనని వదిలేవాళ్లు కాదు. "ఇంకొక్కసారి అవ్వా, ఇంకొక్కసారి" అనేవాళ్లు.

ఒక ఏడు ఊళ్లో జ్వరం పడింది. లుబావ అనే ఆమెకు యరీన ఒక్కతే కూతురు. ఆ పిల్ల మంచమెక్కింది. మెడలో నెలవంక బొగ్గులా నల్లబడింది. లుబావ దాన్ని తెచ్చి అవ్వ వాకిట్లో రాయి మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగింది.

"అవ్వా, నా బిడ్డ ప్రాణం నీ చేతుల్లో ఉంది."

మొదటి రోజు అవ్వ తోమింది. తెల్లారేసరికి వెండి మళ్లీ నలుపు.

"ఇంకొక్కసారి అవ్వా, ఇంకొక్కసారి."

రెండో రోజు తోమింది. వేళ్లు పగిలి నెత్తురు చిమ్మింది. తెల్లారేసరికి మళ్లీ నలుపే.

మూడో రోజు లుబావ రాయి దగ్గరికి వచ్చేసరికి అవ్వ గోడకు చేరగిలబడి ఉంది. చెయ్యి ఎత్తలేకపోతోంది.

"చేతులు పట్టు తప్పుతున్నాయి తల్లీ. ఇవాళ నా వల్ల కాదు."

"ఇంకొక్కసారి అవ్వా, ఇంకొక్కసారి."

కాటికి కాళ్లు చాపుకున్న మనిషిని అలా అడగొచ్చా? అడగకూడదు. కానీ కన్నతల్లి కదా, అడిగింది. పిల్ల మొహం తలుచుకుని అవ్వ గుడ్డ అందుకుంది. పూస పూసకూ మధ్య తోమింది. ముందువైపు తళతళలాడింది. అప్పుడు నెలవంకను తిప్పి ఒళ్లో పెట్టుకుని, తల గోడకు ఆనించి, కళ్లు మూసుకుంది.

"అవ్వా, లే. పొద్దు వాలుతోంది. వెనకవైపు ఇంకా మిగిలింది."

అవ్వ లేవలేదు.

"లే అవ్వా!"

ఇక ఎప్పటికీ లేవలేదు.

ఊరు మూగింది. ఆ గుడ్డ ముట్టుకునే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. పొద్దు గూకిపోయింది. లుబావ గుండెలు బాదుకుంటూ, సగం నలుపుతో ఉన్న నెలవంకనే బిడ్డ మెడలో వేసి, ఆశ వదులుకుని కూర్చుంది.

తెల్లారింది. జ్వరం దిగి యరీన ఒళ్లు చల్లబడింది. "అమ్మా, ఆకలి" అంది.

జనం ఆ పిల్లను చూశారు, నెలవంకను తిప్పి చూశారు. వెనకవైపు నల్లగా, నిన్న ఉన్నట్టే ఉంది.

"అయితే వెనకవైపు తోమక్కర్లేదన్నమాట" అన్నాడు గొర్రెలు కాసే ముసలి బోరుత్.

నలభై ఏళ్లు! ఊరికే తోమించారు.

లుబావ ఒక్కతే లేచి అవ్వ దగ్గరికి వెళ్లింది. అవ్వ చేతులు తన ఒళ్లో పెట్టుకుని వేణ్ణీళ్లతో కడిగింది. ఎంత కడిగినా, నలభై ఏళ్లుగా వేళ్లకు పట్టిన వెండి నలుపు పోలేదు. "సిగ్గులేనిదాన్ని అవ్వా, చచ్చిపోయిన నిన్ను కూడా లెమ్మన్నాను" అని కుళ్లి కుళ్లి ఏడ్చింది.

అప్పటినుంచి ఆ ఊరి ఆడవాళ్లు ఎవరి వెండి వాళ్లే తోముకుంటారు. ముందువైపు తళతళలాడేలా తోముతారు, వెనకవైపు జోలికి మాత్రం పోరు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల తెలియక నెలవంకను తిప్పి బూడిద అద్దబోతే, అత్తగారు మెల్లిగా ఆ చెయ్యి పట్టుకుంటుంది.

"వద్దమ్మా, వదిలెయ్" అంటుంది. "దోబ్ర అవ్వ పడుకుంది. లేపకు."