నాలుగు వందల పలాల సంగటి

కొండ కింది మఠంలో పంపాపతిది పట్టుదల గల స్వభావం. వంటశాల బాధ్యత చేతికొచ్చిన మూడో రోజే త్రాసు తెచ్చి పెట్టాడు. మఠానికి వచ్చినవాళ్లకు మనిషికొక రాగి సంగటి ముద్ద పెట్టాలని, ముద్ద పది పలాలు తూగాలని ఎప్పటినుంచో ఉన్న నియమం.

ఆ ఉదయం వంటమనిషి ఓబులమ్మ చుట్టిన ముద్దల్లోంచి అయిదు తీసి తూచాడు. సగటున తొమ్మిదిన్నరే వచ్చింది. తిన్నగా గురువుగారు చెన్నబసవస్వామి దగ్గరికి పోయాడు.

"సామీ, ఓబులమ్మ ఆకలిగొన్నోళ్ల కడుపు కొడతా ఉండాది. ఈ పొద్దే పొమ్మని చెప్తా."

ఓబులమ్మకు వెనకా ముందూ ఎవరూ లేరు. మఠం వద్దంటే ఆమె తలదాచుకునే చోటు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

స్వామి కాదనలేదు. ఒక గంగాళంలోకి సరిగ్గా నాలుగు వందల పలాల సంగటి తూయించాడు.

"దీన్ని నువ్వే నలభై ముద్దలు చెయ్యి నాయనా. త్రాసు ముట్టుకోవద్దు."

పంపాపతి చెయ్యి తడుపుకుంటూ, వేడికి ఓర్చుకుంటూ, ఒళ్లు దగ్గర పెట్టుకొని చుట్టాడు. గంగాళం ఖాళీ అయింది. నాలుగు వందల పలాలు, నలభై ముద్దలు. సగటు పది. అందులో అనుమానానికి చోటే లేదు.

"కండ్లు మూసుకొని అయిదు తియ్యి. తూచు."

సగటు తొమ్మిదింబావు. పంపాపతి మొహం చిన్నబోయింది.

"ఆ అయిదూ మిగతా ముద్దల్లో కలిపేసి మళ్లీ అయిదు తియ్యి."

ఈసారి పదిన్నర. మళ్లీ తీస్తే తొమ్మిదిన్నర, అచ్చం ఓబులమ్మకు వచ్చినట్టే.

"ఎవురి కడుపు కొట్టినావు పంపాపతీ?" అని స్వామి నవ్వాడు.

"ఇప్పుడు ఇరవై తియ్యి."

ఇరవై తూస్తే సగటు పదికి పిసరంత ఎక్కువ. కలిపి మళ్లీ ఇరవై తీస్తే పావు పలం తక్కువ. ఎన్నిసార్లు తీసినా ఆ పావు పలం అటో ఇటో తప్ప పదిని వదిలి పోవడం లేదు. పంపాపతికి భయం లాంటిది పుట్టింది. చేతిలో త్రాసు కింద పెట్టేశాడు.

"చిన్నదీ పెద్దదీ చూడకుండా తీసింది నా చెయ్యే కదా సామీ. మరి పది దగ్గరికి తోలుకొస్తా ఉండేది ఎవురు?"

"నలభై ఏండ్లుగా చూస్తా ఉండా. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తాది," అన్నాడు స్వామి. "పో, ఓబులమ్మవి కూడా ఇరవై తూచిరా."

పంపాపతి పోయి తూచి వచ్చాడు. పదికి పావు పలం తక్కువ.

"అయితే ఆమె కొలత సరైందేనా సామీ?"

"అది నాకు తెలీదు నాయనా. ఉన్నవన్నీ తూస్తే గానీ తెలీదు. అంతలోకి బయట జనం సొమ్మసిల్లిపోతారు. పొమ్మనేకి మాత్రం ఇది చాలదు."

ఆ మధ్యాహ్నం పంపాపతి అందరితో పాటు పంక్తిలో కూర్చున్నాడు. ఓబులమ్మ వడ్డిస్తూ వచ్చి అతని విస్తట్లో ఒక ముద్ద పెట్టింది. చూస్తూనే తెలుస్తోంది, చిన్నది.

ఆమె కూడా చూసి ఆగింది. "ఇది కొంచెం చిన్నదిగా ఉండాది సామీ. మార్చేదా?"

పంపాపతి ఆ ముద్దను రెండు చేతులా తీసుకొని కళ్లకద్దుకున్నాడు.

"వద్దు తల్లీ. పెద్దది ఇంకెవురికో పోయుంటాది."