సణుగుడు గట్టు

అనగనగా ఒక కొండ. ఊఁ కొట్టండర్రా, కొట్టకపోతే నేను చెప్పను. ఇథియోపియా దేశంలో ఉందా కొండ. ఎంత ఎత్తంటే, మబ్బులు కూడా సగం ఎక్కి, ఆయాసపడి, అక్కడే చతికిలబడేవి. ఆ కొండ మీద అస్నకెచ్ అని ఒక ముసలమ్మ. ఆమెకి ఒక ఆవు, ఒక కోడలు, ఒక నోరు. ఆవు పాలిచ్చేది. కోడలు బిర్కె పనిచేసేది. నోరు సణిగేది. ముసలమ్మ నోరు తెరిస్తే చాలు, బిర్కె బిందె పట్టుకుని ఏటికి పరిగెత్తేది. ఇంట్లో నిండా నీళ్లున్నా సరే!

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. గడ్డి అంతా మాడిపోయింది. లోయ అంచున ఒక్క గట్టు మీదే పచ్చగా ఉంది. కానీ అక్కడ చిరుతపులి తిరిగేది. కోతులకి మాత్రం బెంగలేదు. జూలూ, ఛాతీ మీద ఎర్రమచ్చా ఉండే కోతులవి. పొద్దంతా కూర్చుని గడ్డి పీక్కు తింటాయి. చిరుత వస్తే ఒకటి కీచుమంటుంది, అన్నీ లోయలోకి దిగిపోతాయి. అవి పక్కనుంటే మనిషికీ కాపలాయే. కానీ మనిషిని చూస్తే అవి నిలుస్తాయా?

గడ్డి లేకపోతే ఆవు పోతుంది. ఆవు పోతే ఇంటిల్లిపాదీ పస్తే.

అందుకే కోతుల్ని మచ్చిక చేసుకోవాలని అస్నకెచ్ గట్టెక్కి, మొదటిరోజు బార్లీ గింజలు చల్లింది. కోతులు తుర్రుమన్నాయి. రెండోరోజు గొర్రెతోలు కప్పుకుని, ఛాతీకి ఎర్రగుడ్డ కట్టుకుని, నాలుగు కాళ్ల మీద పాకింది. కోతులు తుర్రుమన్నాయి. ఎదురొచ్చిన కట్టెలవాడు కూడా తుర్రుమన్నాడు.

మూడోరోజు ఆమెకి ఒళ్లు మండింది. కోతులకి వీపు తిప్పి కూలబడింది. చేత్తో గడ్డి పీకుతూ సణుగుడు అందుకుంది.

"ఆ కోడలికి కూరలో కారం వెయ్యడం చేతకాదు. ఈ మోకాళ్లకి నడవడం చేతకాదు. ఆ దేవుడికి వాన కురిపించడం చేతకాదు!"

వెనకాల ఎవరో గొణిగారు. తిరిగి చూస్తే కోతులు! ఆ జాతికి గొణక్కుండా మేత దిగదు మరి. ఈమె మనలో మనిషే అనుకున్నట్టున్నాయి, చుట్టూ చేరి మేస్తున్నాయి.

"ఓరి నా తండ్రుల్లారా! ఇన్నాళ్లకి నా మాట వినేవాళ్లు దొరికారు," అని ముసలమ్మ కళ్లు తుడుచుకుంది.

ఆవు బతికింది. వానలొచ్చాక కూడా ఆమె గట్టుకి వెళ్లడం మానలేదు. అలా వెళ్తూ వెళ్తూనే ఒకనాడు కాలం చేసింది.

మళ్లీ ఎండలు ముదిరాయి. ఖాళీ మేత తొట్టి దగ్గర ఆవు అరుస్తోంది. ఈసారి బిర్కె గట్టెక్కింది. కోతులు తుర్రుమన్నాయి. దిక్కుతోచక ఆమె అక్కడే కూలబడి, గడ్డి పీకుతూ ఏడ్చింది.

"అత్తా! కారం ఎంత వెయ్యాలో చెప్పకుండానే పోయావు. ఇంట్లో చప్పుడే లేదు. బిందె పట్టుకుని నేనిప్పుడు ఎవర్ని తప్పించుకుని పరిగెత్తను?"

వెనకాల ఒక గొణుగుడు. తర్వాత ఇంకోటి. తర్వాత మందంతా.

ఇప్పుడా కొండంతా అభయారణ్యం. ఆ కోతుల్ని, ఆ లోయల్ని చూడ్డానికి దేశదేశాల వాళ్లూ కెమెరాలు మెడలో వేసుకుని వస్తారు. కాపలావాళ్లు ముందు ఒకటే మాట చెబుతారు. "కూర్చోండి. గడ్డి పీకండి. ఇంట్లో ఎవరి మీద కోపముందో చెప్పుకోండి." ఎంతటి దొరైనా మఠం వేసుకుని సణగాల్సిందే. కోతులు వచ్చి చుట్టూ కూర్చుని, అంతా వింటాయి. ఒక్కటీ ఎదురు చెప్పదు.

కానీ ఒకటుందర్రా. వచ్చినవాళ్లంతా ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు గబగబా నడుస్తారట. ఎవరి మీద సణిగారో వాళ్లకి ఫోన్ చెయ్యాలిగా. పైన సిగ్నల్ ఉండదు.