ఇసుకతిన్నె మీద కండువా

ఆ ఆదివారం కూడా ఎవరూ రాలేదు.

రేవులో పడవ ఒక్కటే, తెరచాప కట్టుకుని, మగపెళ్ళివారు దిగని విడిదింటిలా ఎదురుచూస్తూ ఉంది. ఆ పడవ నడిపే వామనుడు మధ్యాహ్నం దాకా మెట్ల మీద కూర్చుని దారి చూశాడు. ఇక లాభం లేదని లేచి తెర చుట్టేశాడు. తాడు బిగించడంలో కోపమంతా దాని మీదే చూపించాడు.

నిరంజనస్వామి ఆశ్రమం గోదావరి మధ్య ఒక లంకలో ఉంది. అక్కడ జపానికి ఎంత విలువో తెరచాపకూ అంతే విలువ. గాలి ఎటునుంచి వస్తోందో గమనించలేనివాడు తన మనసు ఎటు పోతోందో ఏం గమనిస్తాడని స్వామి ఉద్దేశం. వంతెన పడకముందు లంకకు వచ్చేవాళ్ళంతా ఆ పడవల మీదే వచ్చేవారు. వంతెనను తప్పుపట్టడానికి లేదు. పురిటినొప్పుల మనిషిని పడవలో పడుకోబెట్టి, గాలి ఎప్పుడు లేస్తుందా అని ఇంటిల్లిపాదీ ఆకాశం కేసి చూసిన రోజులు ఎవరూ మళ్ళీ కోరుకోరు. కోరుకునేవాళ్ళుంటే వాళ్ళు మగవాళ్ళై ఉంటారు. సరే, వంతెన గొడవ మనకెందుకు.

ఆశ్రమానికి మిగిలింది నాలుగు పడవలు. అందులో మూడు ఒడ్డున బోర్లా పడి ఉన్నాయి. వంటాయన బంగారయ్య వాటి వీపుల మీద తడిగుడ్డ పరిచి గుమ్మడి వడియాలు పెట్టుకుంటున్నాడు. వామనుడు చూసినప్పుడల్లా పళ్ళు కొరికేవాడు.

"పడవండీ అది! అరుగు కాదు!"

"ఆయ్, తెలుసండి. అరుగు ఇంత బాగా ఎండదండి," అనేవాడు బంగారయ్య.

దానికి తోడు స్వామి ఒక మాట అని ఉన్నాడు. "నీళ్ళు తగలని చెక్క పగిలిపోతుంది. ఉగాది లోపల వీటిని నడిపే మనుషులు రాకపోతే విప్పేసి వంటింటికి ఇచ్చేద్దాం. చచ్చిన పడవకు కాపలా కాయడం సాధన కాదు." అప్పటినుంచీ బంగారయ్య ఆ పడవల కేసి చూసే చూపే మారింది. వామనుడికి అన్నం సయించడం మానేసింది. మీసం సరిగా రాని వయసులో అతను ఆ లంకకు వచ్చింది మోక్షం కోసం కాదు, ఆ పడవల కోసం. ఆ సంగతి స్వామికీ తెలుసు.

ఆ సాయంత్రం స్వామి వసారాలో కూర్చుని చిరిగిన తెర కుడుతున్నాడు. వామనుడు వెళ్ళి ఎదురుగా కూలబడ్డాడు.

"కుర్రాళ్ళు రారు స్వామీ. ఫోనులో పడవ చూసి ఆహా అంటారు, రేవులో ఉన్న పడవ చూడరు. కుటుంబాలు వస్తాయి, ఒక్కసారి వస్తాయి. బావుందండీ అంటారు. మళ్ళీ మొహం చూపించరు. అవతలి రేవులో లాంచీవాడు మైకులో పాటలేసి, బజ్జీలు పెట్టి తిప్పుతున్నాడు. దానికి మాత్రం తోసుకుంటూ ఎక్కుతారు."

"బజ్జీలు బావుంటాయా?"

"స్వామీ!"

"ఊరికే అడిగాను. చెప్పు."

"నేను చెయ్యవలసిందల్లా చేస్తూనే ఉన్నాను. బోర్డులు రాయించాను. కాలేజీలకు వెళ్ళి చెప్పి వచ్చాను. ఇన్నేళ్ళలో నా పడవ ఎక్కినవాడి చొక్కా తడవలేదు. ఒక్కడంటే ఒక్కడికి గోరు చిట్లలేదు. ఇంతకంటే ఎలా తిప్పాలి మనుషుల్ని?"

స్వామి దారం పంటితో కొరికాడు. "ఒక్క చొక్కా కూడా తడవలేదా?"

"లేదు."

"అయ్యో," అన్నాడు స్వామి.

ఆ అయ్యో ఎందుకో వామనుడికి అర్థం కాలేదు. అడిగితే స్వామి చెప్పే రకమూ కాదు.

మరుసటి ఆదివారం ఒక కుటుంబం వచ్చింది. రాజోలులో కళ్ళజోళ్ళ దుకాణం ఉన్న తాతబ్బాయి, భార్య పద్మజ, తల్లి బుల్లెమ్మ, డిగ్రీ చదివే కూతురు లిఖిత. ఆ పిల్ల దిగడం దిగడమే "సిగ్నల్ లేదేంటి నాన్నా ఇక్కడ," అంది. వామనుడి ప్రాణం అక్కడే సగం పోయింది.

అయినా అందరికీ ఎర్ర జాకెట్లు తొడిగి, పట్టీలు తన చేత్తో బిగించాడు. పడవ తోయబోతుంటే స్వామి కండువా సర్దుకుంటూ వచ్చి ముందు వైపు ఎక్కి కూర్చున్నాడు. వామనుడికి హుషారొచ్చింది. గురువు ఎదుట తన పనితనం చూపించాలని ఎవరికి ఉండదు?

నిజంగానే బాగా నడిపాడు. ఒక చేత్తో చుక్కాని, ఒక చేత్తో తెర తాడు. సముద్రపు గాలి అప్పుడే లేస్తోంది. పడవ నీటి మీద గీత గీసినట్టు పోయింది.

"బాబూ, కాస్త అటు జరగనా? కాలు తిమ్మిరెక్కింది," అంది బుల్లెమ్మ.

"కదలకండమ్మా. బరువు మారుతుంది."

"ఆ తాడు ఒకసారి పట్టుకోవచ్చాండీ?" అంది పద్మజ.

"వద్దమ్మా, చెయ్యి కోసుకుపోతుంది."

"అంకుల్, ఎంతసేపు పడుతుంది?" అంది లిఖిత.

"ఏది?"

"అయిపోవడానికి."

వామనుడు దవడ బిగించాడు. తాతబ్బాయి ఆవలించాడు. నదిలో ఆవలింత ఒకరికి వస్తే పడవంతా అంటుకుంటుంది. బుల్లెమ్మ కూడా నోరు తెరిచి, బరువు మారుతుందేమోనని భయపడి మూసేసింది.

నది మధ్య ఇసుకతిన్నె దగ్గరికి వచ్చేసరికి స్వామి భుజం మీది కండువా తీసి దులిపాడు. దులుపుతూ దులుపుతూ వదిలేశాడు. అది గాలికి ఎగిరి వెళ్ళి ఇసుకలో పడింది.

"అయ్యో, నా కండువా," అన్నాడు స్వామి. "వామనా, కాస్త తెచ్చిపెట్టు నాయనా."

వామనుడు తెర దించి, పడవను తిన్నె అంచుకు ఆనించి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. ఇసుకలో నడిచి కండువా తీసుకుని వెనక్కి తిరిగాడు.

పడవ లేదు. ఉంది, కానీ దూరంగా ఉంది. స్వామి గెడతో ఒక్క తోపు తోసి, తెర పైకి లాగి కట్టి, తాడు పద్మజ ఒళ్ళో పడేసి, ముందు వైపు బల్ల మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

"స్వామీ!" అని అరిచాడు వామనుడు. "చుక్కాని! ముందు చుక్కాని పట్టుకోండి! తాడు చేతికి చుట్టుకోకండి!"

గాలి వాళ్ళవైపు నుంచి అతనివైపు వీస్తోంది. అతని అరుపులు అతని మొహానికే వచ్చి తగిలాయి. వాళ్ళ మాటలు మాత్రం పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు వినిపించాయి.

"స్వామీజీ! లేవండి స్వామీజీ!" అంటున్నాడు తాతబ్బాయి. "ఏమే, ఈయన నిజంగానే నిద్రపోయాడే!"

"నన్నంటారేం? ఆ వెనక కర్ర పట్టుకోండి ముందు!"

"నాన్నా, అటు కాదు, ఇటు! ఇలా ఇవ్వు నాకు!"

పడవ ఒక పక్కకు ఒరిగింది. నీళ్ళు ఎగిరి నలుగురి మీదా పడ్డాయి. పద్మజ కెవ్వుమని తాడు వదిలేసింది. తెర గాలిలో రెపరెపలాడింది. పడవ తల వంచుకుని ఆగిపోయింది.



"ఆగింది," అంది లిఖిత మెల్లిగా. "అమ్మా, తాడు వదిలితే ఆగింది. మళ్ళీ లాగు, చూద్దాం."

లాగారు. కదిలింది. వదిలారు. ఆగింది. ఆ తరవాత వాళ్ళు చేసిన సర్కసు వామనుడు కళ్ళారా చూడవలసి వచ్చింది. పడవ వెళ్ళవలసిన దిక్కు తప్ప అన్ని దిక్కులకూ వెళ్ళింది. తెర అటు పొంగవలసిన చోట ఇటు పొంగింది. అతను ఇసుకలో అటూ ఇటూ పరుగెత్తాడు, చేతులు ఊపాడు, కండువా ఊపాడు.

"మామ్మా, ఆ అంకుల్ మనకి టాటా చెబుతున్నాడు."

"చెప్పనీ. ఆయన లేకపోతేనే హాయిగా ఉందే. ఇందాక తుమ్మడానికి కూడా భయం వేసింది," అంది బుల్లెమ్మ. "ఆ కర్ర ఇలా తే. మీ తాతతో ఎడ్లబండి తోలినదాన్ని. ఇదెంత!"

వామనుడు ఇసుకలో కూర్చుండిపోయాడు.

చాలాసేపటికి పడవ వంకర టింకరగా వచ్చి తిన్నెకు ఢీకొని ఆగింది. నలుగురూ తడిసి ముద్దయ్యారు. నలుగురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. తాడు ఎవరు ముందు వదిలారన్న దగ్గర మొగుడూ పెళ్ళాలకు పెద్ద తగువు నడుస్తోంది. లిఖిత ఫోను పడవ అడుగున నీళ్ళలో పడి ఉంటే ఆ పిల్లకి ధ్యాస లేదు.

వామనుడు ఎక్కి చుక్కాని వైపు అడుగు వేశాడు.

"మీరు అక్కడ కూర్చోండి బాబూ," అంది బుల్లెమ్మ చుక్కాని వదలకుండానే. "కదలకండి. బరువు మారుతుంది."

వామనుడు కూర్చున్నాడు. రేవు వచ్చేదాకా కదలలేదు.

దిగేటప్పుడు లిఖిత స్వామి దగ్గర ఆగింది. "వచ్చే ఆదివారం మా ఫ్రెండ్స్‌ని తీసుకురావచ్చా?"

"తీసుకురా తల్లీ."

ఆ పిల్ల గొంతు తగ్గించింది, అయినా వామనుడికి వినిపించింది. "అప్పుడు కూడా ఆయన్ని అక్కడ దింపేస్తారా?"

వాళ్ళు వెళ్ళాక వామనుడు ఉండబట్టలేకపోయాడు. "ఏమైనా జరిగి ఉంటే స్వామీ?"

"నడుము లోతు నీళ్ళు. నువ్వు బిగించిన జాకెట్లు. తాడు వదిలితే ఆగే పడవ." స్వామి కండువాకు అంటిన ఇసుక దులుపుకున్నాడు. "నీకు పడవ నడపడం నేర్పింది ఎవరు?"

"మీరే."

"ఎలా నేర్పాను?"

వామనుడు జవాబు చెప్పబోయాడు. మొట్టమొదటి రోజు, ఇదే నదిలో, స్నానం చేసి వస్తానని తనను ఒక్కణ్ణే వదిలి పడవ దిగి, వెనక్కి తిరిగి చూడకుండా ఇసుకలో నడిచిపోయిన మనిషి వీపు కళ్ళ ముందు కదిలింది. 

స్వామి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం లిఖిత స్నేహితులు కూడా వచ్చేసరికి ఒక పడవ చాలలేదు. బంగారయ్య గొణుక్కుంటూ రెండో పడవ వీపు మీది వడియాలు తీశాడు. బుల్లెమ్మ తన వీధిలోని ఇద్దరు వియ్యపురాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, చుక్కాని తనదేనని ముందే చెప్పి ఉంచింది. వామనుడు అందరి జాకెట్లూ బిగించి, రెండో పడవను తన పడవ వెనక తాడుతో కట్టాడు. ఎవరినీ కదలవద్దని అనలేదు. స్వామి ఆ రోజు రేవులోకే రాలేదు.

ఇసుకతిన్నె దగ్గరికి వచ్చేసరికి వామనుడు తెర కేసి ఒకసారి చూశాడు. భుజం మీది కండువా తీసి, దులిపి, వదిలేశాడు.

"అయ్యో, నా కండువా," అని నీళ్ళలోకి దిగాడు.