పొయ్యిభూతం, ఇప్పకొండ ఎలుగు

కొండలకు కూడా చెవులున్న కాలంలో, అనగనగా ధూమగిరి అనే రాజ్యం ఉండేది. దాని రాజు చండకేతు. ఆయన కోటలో ఒక పొయ్యి, ఆ పొయ్యిలో ఒక భూతం. నగారా మోగితే చాలు, భూతం లేచి ఊరందరికీ స్నానాలకు నీళ్లు కాచేది, తిరగలి తిప్పేది, నూతి నీళ్లు తోడేది. ఏ వేళ పిలిచినా పలికేది.

పలకదూ మరి! దాని తిండి అలాంటిది. రోజుకో తోపు నమిలేది, ఊరి మీద నల్లటి పొగ వదిలేది. పెళ్లిపీటల మీద వధూవరులు దగ్గేవారు. కొలువులో మంత్రులు దగ్గేవారు. రాజుగారైతే తీర్పు చెప్పబోయి, దగ్గి ఊరుకునేవారు.

కొండలన్నీ బోడి అయ్యాయి. ఇప్పకొండ ఒక్కటే మిగిలింది. అక్కడ గుబురమ్మ అనే ఎలుగుబంటి ఇద్దరు పిల్లలతో కాపురం ఉంటోంది. ఇక ఇప్పకొండ చెట్లూ నరుకుతారన్న చాటింపు వినగానే పిల్లల్ని వెంటేసుకుని పరుగున కొలువుకు వెళ్లింది.

"ప్రభూ, కట్టెపుల్ల కూడా తినని పనివాళ్లను ముగ్గురిని తెస్తాను. నా చెట్లు కొట్టించకండి" అంది.

"తినకుండా పనిచేసేవాళ్లా? తీసుకురా తల్లీ, చూద్దాం!" అన్నాడు రాజు, దగ్గుతూ నవ్వుతూ. భూతానికి మేత ఆపించాడు.

గుబురమ్మ సూర్యుణ్ణి అడిగింది. గాలిని బతిమాలింది. సెలయేటి కాళ్లు పట్టుకుంది. ముగ్గురూ సరేనన్నారు. సూర్యుడికి నల్లరాతి తొట్టె, గాలికి తెరచాపల చక్రం, సెలయేటికి తిరగలి అప్పగించింది.

తెల్లవారుజామున నగారా మోగింది. సూర్యుడు ఇంకా రాలేదు. గాలి ఎక్కడో తిరుగుతోంది. సెలయేరు వచ్చింది గానీ, వేసవి కదా, సన్నగా వచ్చింది. చన్నీళ్లు పోసుకున్న రాజు గజగజ వణుకుతూ "ఎత్తండి గొడ్డళ్లు!" అని అరిచాడు.

గుబురమ్మకు ఏడుపొచ్చింది. పిల్లలు దాని బొచ్చులో మొహాలు దాచుకున్నాయి. అయినా అది గొడ్డళ్లకు అడ్డంగా నిలబడింది.

"ప్రభూ, భూతం మన కట్టెలు తింటుంది గనక పిలిచినప్పుడల్లా వస్తుంది. వీళ్లు మన తిండి తినరు, వాళ్ల వేళకు వస్తారు. తొందరపడింది మన నగారాయే. ఈ ఒక్కరోజు దాన్ని ఆపి చూడండి. అప్పటికీ పని జరక్కపోతే మొదటి దెబ్బ నా మీదే వేయించండి!"

ఆ మాట రాజు మనసుకు తగిలింది. నగారా ఆగింది.

పొద్దెక్కాక సూర్యుడు వచ్చి తొట్టెలో నీళ్లు పొగలు కక్కేలా కాచాడు. మధ్యాహ్నం దాటాక గాలి ఈల వేసుకుంటూ వచ్చి, చక్రం తిప్పి, నూతి నీళ్లను గుట్టమీది కుంటలోకి ఎక్కించింది. సాయంత్రానికి సూర్యుడు వెళ్లిపోయాడు, గాలి పడిపోయింది. రాజు కనుబొమ్మలు ముడిచాడు. గుబురమ్మ తాపీగా వెళ్లి కుంట తూము తీసింది. నీళ్లు బిలబిలా సెలయేట్లోకి దూకాయి. సన్నటి సెలయేరు ఒళ్లు చేసి తిరగలిని గిరగిరా తిప్పేసింది.

"ఒకరు పోతే ఒకరు అందుకుంటున్నారే!" అన్నాడు రాజు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఒక్కసారి కూడా దగ్గలేదు.

గొడ్డళ్లు అటకెక్కాయి. భూతం చిక్కి చిక్కి దీపమంత అయింది. సూర్యుడు రాని ముసురు రోజుల్లో మాత్రం నాలుగు ఎండుపుల్లలు వేసి లేపుతారు.

ఇప్పుడు నగారా కొట్టేది గుబురమ్మ పిల్లలే. తొట్టెలో పంజా పెట్టి, వెచ్చగా తగిలితేనే కొడతాయి. భుజాన తువ్వాలుతో రాజుగారు "ఇంకా కాలేదర్రా?" అని అడుగుతుంటారు.

పిల్లలూ, ప్రకృతి తన బలాన్ని ఊరికే ఇస్తుంది. దాని వేళకు మన పని మార్చుకోవడమే మనం చెయ్యాల్సింది.